నారోబ్యాండ్ వీహెచ్‌ఎఫ్ రిపీటర్‌కి ఏ సెట్టు కొనాలి? విశాఖ హ్యాములు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో కొత్తగా హ్యామ్ (సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) లైసెన్సు చేతికొచ్చినవాళ్లు మొదట అడిగేది "ఎన్ని వాట్ల సెట్టు కొనాలి?" అని. ఆ వెంటనే "ఎంతలో వస్తుంది?" అని. రిపీటర్, అంటే ఎత్తున ఉండి మన మాటని ఒక ఫ్రీక్వెన్సీలో పట్టుకుని ఇంకోదానిలో తిరిగి పంపే కేంద్రం, నారోబ్యాండ్‌లో నడుస్తుంటే ఈ రెండూ తరవాత అడగాల్సినవి. ముందు అడగాల్సినవి కింద ఉన్నాయి. అడిగేవాళ్లలో ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లూ ఉన్నారు, రిటైరయ్యాక సరదాగా మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. తెలిసిన సంగతి కనిపిస్తే దాటేసి కిందికి వెళ్లిపోండి.

నారోబ్యాండ్ అంటే ఎంత సన్నం?

ఎఫ్ఎంలో మనం మాట్లాడుతుంటే క్యారియర్ (మాటని మోసుకెళ్లే రేడియో తరంగం) ఒక్కచోట నిలబడదు, గొంతును బట్టి అటూ ఇటూ ఊగుతుంది. మధ్య నుంచి ఒక పక్కకి ఎంత దూరం ఊగిందో అదే డీవియేషన్. వైడ్‌లో అది 5 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది, ఛానళ్ల మధ్య ఎడం 25 కిలోహెర్ట్జ్ ఉంటుంది. నారోలో ఊపు 2.5 కిలోహెర్ట్జ్, ఎడం 12.5 కిలోహెర్ట్జ్.

గాలిలో సిగ్నల్ ఎంత చోటు ఆక్రమిస్తుందో లెక్కకట్టడానికి కార్సన్ సూత్రం ఉంది. డీవియేషన్‌కి గొంతులోని పై ఫ్రీక్వెన్సీని, అంటే దాదాపు 3 కిలోహెర్ట్జ్‌ని కలిపి, దాన్ని రెట్టింపు చేయాలి. వైడ్‌కి 5కి 3 కలిపితే 8, రెట్టింపు చేస్తే 16 కిలోహెర్ట్జ్. నారోకి 2.5కి 3 కలిపితే 5.5, రెట్టింపు 11 కిలోహెర్ట్జ్. డీవియేషన్ సగానికి తగ్గినా వెడల్పు సగం కాలేదు, చూశారా? 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్లో 11 ఎలాగోలా సర్దుకుంటుంది, 16 పట్టదు. మిగతా జవాబులన్నీ ఈ లెక్కలోంచి వచ్చినవే.

ఒక జాగ్రత్త. పాత సెట్ల బ్రోచర్లలో "నారోబ్యాండ్ ఎఫ్ఎం" అని కనిపిస్తే మురిసిపోకండి. 75 కిలోహెర్ట్జ్ ఊగే బ్రాడ్‌కాస్ట్ ఎఫ్ఎంతో పోల్చి, 5 కిలోహెర్ట్జ్ సెట్లనే అప్పట్లో అలా పిలిచేవారు. పేరు సంగతి వదిలేసి 2.5 అనే అంకె ఉందో లేదో చూడండి.

హ్యాములు నారోకి మారడం తప్పనిసరా?

అందరికీ వర్తించే అలాంటి తప్పనిసరి ఏదీ లేదు. అమెరికాలో 2013 జనవరి 1 నుంచి వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ కమర్షియల్ సెట్లు 12.5 కిలోహెర్ట్జ్‌కి మారాలని అక్కడి రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆదేశించింది. ఆ ఆదేశం అక్కడి హ్యాములకే వర్తించలేదు. అయినా దాని ప్రభావం ప్రపంచమంతా పడింది. ఆ తరవాత తయారైన కమర్షియల్ రేడియోలు, రిపీటర్లు ఎక్కువగా నారోలోనే వస్తున్నాయి. హ్యాములు రిపీటర్లు కట్టుకునేది తరచుగా అలాంటి పరికరాలతోనే కాబట్టి నారో వాటితోపాటు లోపలికి వచ్చేసింది. యూరప్ హ్యాములైతే చాలా ముందే తమ రెండు మీటర్ల బ్యాండుని (144 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలయ్యే వీహెచ్‌ఎఫ్ పట్టీని) 12.5 కిలోహెర్ట్జ్ గళ్లుగా గీసుకున్నారు.

మనకి ఇంకో కారణం ఉంది. అమెరికా హ్యాముకి రెండు మీటర్ల బ్యాండు 144 నుంచి 148 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది, మనకి 146తోనే ఆగిపోతుంది. అంటే ఉన్నది రెండే మెగాహెర్ట్జ్. అందులోనే రిపీటర్ ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు, శాటిలైట్లు, సింప్లెక్స్ (రిపీటర్ లేకుండా నేరుగా మాట్లాడటం), ఎస్ఎస్‌బీ (ఎఫ్ఎం కాని ఇంకో మాట పద్ధతి) అన్నీ సర్దుకోవాలి. పక్కపక్క జిల్లాల్లో రిపీటర్లు పెరిగేకొద్దీ సన్నని ఛానళ్ల అవసరం కనిపిస్తుంది.

వైడ్ సెట్టుతో నారో రిపీటర్‌లో మాట్లాడితే ఏమవుతుంది?

కురుపాం మార్కెట్ సందులోకి లారీ తోలినట్టు ఉంటుంది. ముందుకు పోతుంది గానీ రెండు పక్కలా గోడలు గీసుకుంటుంది.

రిపీటర్ రిసీవర్‌లో ఉన్న సన్న ఫిల్టర్ దాటి మీ సిగ్నల్ ఊగిన ప్రతిసారీ ఆ ముక్క కోతపడుతుంది. మెల్లగా మాట్లాడినంతసేపూ బాగానే వినిపిస్తుంది. గొంతు పెంచారో, మాట పగులుతుంది. ముఖ్యంగా స, శ, ష లాంటి అక్షరాలు గరగరమంటాయి. అక్కడితో ఆగదు. స్క్వెల్చ్ పనిచేసేది మాటకంటే పైనున్న రొదను కొలిచి. రొద ఎక్కువుంటే సిగ్నల్ లేదనుకుని తలుపు మూసేస్తుంది. మీ సిగ్నల్ ఫిల్టర్ అంచుల్ని తాకినప్పుడు పుట్టే వక్రీకరణ దానికి రొదలాగే కనిపిస్తుంది. అందుకని గట్టిగా పలికిన మాట దగ్గరే రిపీటర్ మిమ్మల్ని మింగేస్తుంది. మీ కాల్‌సైన్‌లో (హ్యాముగా మీకిచ్చిన గుర్తింపు పేరులో) "వీయూ టూ" అనేది వినిపించి, ఆ తరవాతి అక్షరాలు మాయమవుతాయి.

ఇది వినగానే చాలామంది సిగ్నల్ బలహీనంగా ఉందనుకుంటారు. పవర్ పెంచుతారు, పెద్ద యాంటెనా కొంటారు, ఇంకా గట్టిగా అరుస్తారు. మొదటి రెండింటివల్ల ఒరిగేది లేదు. మూడోదానివల్ల ఇంకా చెడుతుంది. సిగ్నల్ బలహీనమైతే మాట వెనక సన్నని రొద ఎప్పుడూ ఉంటుంది. డీవియేషన్ ఎక్కువైతే రొద ఉండదు, గట్టి మాట దగ్గర మాత్రమే విరుగుతుంది. ఈ తేడా చెవికి పట్టిందంటే సగం డబ్బు మిగిలినట్టే.

పక్క ఛానల్ సంగతి కూడా ఉంది. 16 కిలోహెర్ట్జ్ వెడల్పు సిగ్నల్ 12.5 గడిలో పట్టక పక్కవాడి గడిలోకి చిందుతుంది. మీకు వినపడకపోయినా ఆ రిపీటర్ వాళ్లకి వినపడుతుంది.

నారో సెట్టుతో వైడ్ రిపీటర్‌లో మాట్లాడితే?

చెడిపోదు, మెల్లగా వినిపిస్తుంది. ఊపు సగమైతే అవతల ఆడియో 6 డెసిబెల్స్ పడిపోతుంది. అందరూ "కొంచెం గట్టిగా మాట్లాడండి సార్" అంటూనే ఉంటారు. కారులో, ఫ్యాను కింద మరీ కష్టం. ఏ పక్కకి తప్పాలో తేల్చుకోమంటే నేను ఈ పక్కకే తప్పమంటాను, పక్కవాళ్లకి ఇబ్బంది ఉండదు కాబట్టి.

అయితే డబ్బా మీద ఏం చూసి కొనాలి?

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేవి వాట్లు, 136 నుంచి 174 మెగాహెర్ట్జ్, 128 ఛానళ్లు. అవి కాదు చూడాల్సింది. లోపలి మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో మూడు సంగతులుంటాయి. ఛానల్ ఫ్రీక్వెన్సీ మీద సెట్టు ఖచ్చితంగా కూర్చోగలదా అన్నది ఒకటి, అంటే స్టెప్ (ఫ్రీక్వెన్సీ ఒక్కో మెట్టుకి ఎంత కదులుతుందన్నది). ట్రాన్స్‌మిట్‌లో డీవియేషన్ 2.5కి తగ్గుతుందా అన్నది రెండు. రిసీవ్‌లో ఫిల్టర్ కూడా సన్నబడుతుందా అన్నది మూడు. వీటికి తోడు వైడ్, నారో ఎంపిక ఒక్కో మెమరీ ఛానల్‌కి విడివిడిగా పెట్టుకునే వీలుండాలి. సెట్టు మొత్తానికి ఒకే మీట ఉంటే రోజూ తిప్పుకుంటూ కూర్చోవాలి.

అంతకన్నా ముందు చేయాల్సింది రిపీటర్ నడిపేవాళ్లని అడగడం. అవుట్‌పుట్ (రిపీటర్ పంపే ఫ్రీక్వెన్సీ) ఎంత, ఆఫ్‌సెట్ (దానికీ రిపీటర్ వినే ఇన్‌పుట్‌కీ మధ్య తేడా) ఎటు, టోన్ (రిపీటర్‌ని లేపే సన్న స్వరం) ఎంత, డీవియేషన్ ఎంత పెట్టారు, రిసీవర్‌లో ఏ ఫిల్టర్ ఉంది. ఆఖరి రెండూ ఎవరూ అడగరు. అడిగితే వాళ్లు సంతోషిస్తారు కూడా.

స్టెప్ గురించి ఇంత గొడవెందుకు?

ఒక రిపీటర్ అవుట్‌పుట్ 145.6375 మెగాహెర్ట్జ్ అనుకుందాం. మైనస్ 600 కిలోహెర్ట్జ్ ఆఫ్‌సెట్‌తో ఇన్‌పుట్ 145.0375 అవుతుంది. ఇప్పుడు 5 కిలోహెర్ట్జ్ స్టెప్ ఉన్న సెట్టు తీసుకోండి. అది 145.635 దగ్గర ఆగుతుంది, లేదా 145.640 దగ్గర. మధ్యలో నిలబడలేదు. ఎటు ఆగినా 2.5 కిలోహెర్ట్జ్ తేడా. నారోలో మొత్తం ఊపే 2.5 కదా! సిగ్నల్‌లో ఒక పక్క అంచు ఫిల్టర్ బయటికి పోతుంది. వైడ్ రిపీటర్ అయితే ఇదే తప్పుని కొంత ఓర్చుకుంటుంది, నారో ఓర్చుకోదు.

అందుకని స్టెప్పుల పట్టికలో 12.5 గానీ 6.25 గానీ 2.5 గానీ ఉండి తీరాలి. ఇప్పటి సెట్లలో దాదాపు అన్నిటికీ ఉంటుంది. చిక్కు పాతవాటితోనే. 1980ల నాటి ఐకామ్ ఐసీ-2ఏటీ లాంటి హ్యాండీలో (చేతిసెట్టులో) అంకెల చక్రాలు తిప్పి 10 కిలోహెర్ట్జ్ దాకా పెట్టాలి, పైన ఒక మీట నొక్కితే ఇంకో 5 కలుస్తుంది. అంతే. 145.6375 దానికి అందని ద్రాక్ష. టోన్ ఎన్‌కోడరూ లోపల ఉండదు. ఎంత ముద్దొచ్చినా ఈ పనికి కొనకండి, షోకేసులో పెట్టుకోండి.

కొన్ని సెట్ల తెరమీద 145.637 వరకే కనిపించి ఆఖరి 5 దాగి ఉంటుంది. అది తప్పు కాదు, తెరలో చోటు లేక అంతే. మీటల మీద అంకెలు కొట్టే ముందు మాత్రం స్టెప్‌ని 12.5కి మార్చుకోండి. లేకపోతే సెట్టు తనకి దగ్గరగా తోచిన అంకెకి సర్దేసి ఊరుకుంటుంది.

ఫ్రీక్వెన్సీ నిలకడ కూడా ఇందులో భాగమే. స్పెసిఫికేషన్‌లో 2.5 పీపీఎం (పది లక్షల్లో రెండున్నర వంతులు) అని ఉంటే 145 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 360 హెర్ట్జ్ తేడా రావచ్చు. పట్టించుకోనక్కర్లేదు. 10 పీపీఎం అయితే 1450 హెర్ట్జ్, అంటే మీ ఊపులో సగానికి పైన. మే నెలలో ఎండలో పెట్టిన కారులో పాత సెట్టు ఎటు జారుతుందో చెప్పలేం.

మెనూలో "నారో" అని ఉంటే సరిపోదా?

కొన్నిటిలో సరిపోతుంది, కొన్నిటిలో సగమే. కొన్ని సెట్లలో ఆ మెనూ మైకు వైపు డీవియేషన్‌ని తగ్గిస్తుందే గానీ రిసీవర్‌ని తాకదు. యేసు కంపెనీ ఎఫ్‌టీ-60 సెట్టులో ఆ మెనూ పేరే "హాఫ్ డీవియేషన్". అలాంటి సెట్టుతో నారో రిపీటర్‌లోకి శుభ్రంగా మాట్లాడొచ్చు. వినేటప్పుడు ఆడియో కాస్త తగ్గుతుంది, వాల్యూమ్ తిప్పుకుంటే సరి. పక్క 12.5 ఛానల్లో బలమైన సిగ్నల్ ఉంటేనే ఇబ్బంది, వెడల్పు ఫిల్టర్‌లోంచి అది తొంగిచూస్తుంది.

ఊళ్లో పక్క ఛానల్లో ఏమీ లేకపోతే ఈ లోపాన్ని నేను పట్టించుకోను. వేసవిలో మాత్రం లెక్క మారుతుంది. బంగాళాఖాతం మీద డక్టింగ్ (సిగ్నల్ గాలి పొరల మధ్య చిక్కి దూరం పోవడం) వచ్చిన రోజుల్లో వందల కిలోమీటర్ల అవతలి తీరం రిపీటర్లు పక్కింట్లో ఉన్నట్టు వినిపిస్తాయి. అప్పుడు రిసీవ్ ఫిల్టర్ విలువ తెలుస్తుంది.

మాన్యువల్ చదివినా తేలకపోతే, నారో సిగ్నల్ ఒకటి వింటూ మెనూలో వైడ్, నారో మార్చి చూడండి. రిసీవర్ కూడా మారుతుంటే నారోలో పెట్టగానే ఆడియో గట్టిపడుతుంది, ఖాళీ ఛానల్ రొద స్వరం మారుతుంది. ఏ తేడా లేకపోతే ఆ మెనూ ట్రాన్స్‌మిటర్‌కే పరిమితం.

చవక చైనా సెట్టు బావోఫెంగ్ సరిపోదా?

అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. యూవీ-5ఆర్‌లో 5వ మెనూ వైడ్, నారో; 1వ మెనూ స్టెప్, అందులో 2.5, 6.25, 12.5 అన్నీ ఉన్నాయి. 13వది పంపే టోన్, 25వది ఆఫ్‌సెట్ దిక్కు, 26వది ఆఫ్‌సెట్ ఎంతన్నది. కాగితం మీద నారో రిపీటర్‌కి కావలసినవన్నీ ఉన్నట్టే.

లోటు వేరేచోట ఉంది. రిసీవర్ మొత్తం ఒక్క చిప్పులో ఉంటుంది, దాని ముందు వడపోత పలచన. దగ్గర్లో బలమైన ట్రాన్స్‌మిటర్ ఏదున్నా చెవుడు వచ్చేస్తుంది. చేతిలో ఉన్న చిన్న యాంటెనాతో ఎలాగో నెట్టుకొస్తుంది. మేడమీద పెద్ద యాంటెనాకి కలిపితే వినపడాల్సిందానికంటే వినపడకూడనివే ఎక్కువ వస్తాయి. పైగా ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ పొంతన ఉండదు. నారోలో పెట్టినా డీవియేషన్ 2.5 దాటేవీ ఉంటాయి, మరీ తక్కువిచ్చేవీ ఉంటాయి. మొదటి సెట్టుగా, తుఫాను సంచిలో పడుండే రెండో సెట్టుగా కొనుక్కోండి. ఇంటి మీద యాంటెనాకి కట్టే సెట్టు మాత్రం వేరేది చూసుకోండి.

యేసు, ఐకామ్, కెన్‌వుడ్ మొబైల్ (కారులో బిగించే) సెట్లలో ఏది?

నారో వరకే చూస్తే ఇప్పటి వాటిలో పెద్ద తేడా లేదు. ఐకామ్ ఐసీ-2730లో ఎఫ్ఎం, ఎఫ్ఎం-ఎన్ అని రెండు మోడ్‌లు విడిగా కనిపిస్తాయి. కెన్‌వుడ్ టీఎం-వీ71లోనూ నారో ఎఫ్ఎం ఒక మోడ్. ఇలా మోడ్ రూపంలో ఉంటే మెమరీలో ఛానల్‌తోపాటే నిలుస్తుంది, అది నాకు నచ్చే పద్ధతి. వారంటీ, రిపేరు ఎక్కడ దొరుకుతాయో చూసి తేల్చుకోండి.

సెకండ్‌హ్యాండ్‌లో మోటరోలా కమర్షియల్ సెట్టు దొరుకుతోంది. తీసుకోనా?

బేరం కుదిరితే తీసుకోండి. నారో పనికి కమర్షియల్ సెట్టుని మించింది లేదు, ఆ పనికే పుట్టింది. జీపీ-338, జీఎం-338 లాంటివి 12.5, 20, 25 కిలోహెర్ట్జ్ మూడింటికీ ఒప్పుకుంటాయి. ఫిల్టర్లు నిజంగా సన్నబడతాయి, డీవియేషన్ గీత దాటదు. రిసీవర్ కూడా గట్టిది.

కానీ మూడు చిక్కులున్నాయి. ముందు వెనకనున్న లేబుల్ చదవండి. వీహెచ్‌ఎఫ్ అని రాసి ఉన్నంతమాత్రాన 145 మెగాహెర్ట్జ్ పడుతుందని కాదు. పాత జీఎం-300 వీహెచ్‌ఎఫ్‌లో రెండు రకాలున్నాయి. 136 నుంచి 162 దాకా పనిచేసేది మనకి సరిగ్గా కుదురుతుంది. 146 నుంచి 174 దాకా పనిచేసేది మన బ్యాండు అయిపోయినచోట మొదలవుతుంది. అమ్మేవాడికి ఈ తేడా తెలియదు, తెలిసినా చెప్పడు.

రెండోది, ఛానల్ ఫ్రీక్వెన్సీ మార్చాలంటే ఆ కంపెనీ సాఫ్ట్‌వేరూ కేబులూ ఉండాలి, మీటల మీద కొట్టడం కుదరదు. జీఎం-300కి డాస్ రోజుల సాఫ్ట్‌వేరు కాబట్టి పాత కంప్యూటర్ కూడా కావాలి. అందుకని ఇది ఒంటరిగా ఉండే హ్యాముకి కాదు, ప్రోగ్రామింగ్ చేసిపెట్టే మిత్రుడున్న హ్యాముకి.

మూడోది, 2013 తరవాత అమెరికా మార్కెట్ కోసం తయారైన కొన్ని సెట్లలో వైడ్ తాళం వేసి ఉంటుంది. నారో రిపీటర్‌కి దివ్యంగా పనిచేస్తుంది, వైడ్ రిపీటర్‌లో మాత్రం మీ గొంతు ఎప్పుడూ నూతిలోంచే వస్తుంది.

ఫిషింగ్ హార్బర్ దగ్గర మెరైన్ వీహెచ్‌ఎఫ్ సెట్లు దొరుకుతాయి కదా?

వద్దు. అవి 156 మెగాహెర్ట్జ్ పైన పనిచేస్తాయి, 25 కిలోహెర్ట్జ్ ఛానళ్లు, 5 కిలోహెర్ట్జ్ డీవియేషన్. మన బ్యాండుకీ రావు, నారోకీ రావు. తిరగేసి కూడా చెబుతున్నాను: మీ హ్యామ్ హ్యాండీ 174 దాకా ట్యూన్ అవుతుంది కదా అని మెరైన్ 16వ ఛానల్ 156.8 మీద మీట నొక్కకండి. అది సముద్రంలో ప్రాణాల మీదికి వచ్చినవాళ్ల పిలుపు ఛానల్. పోర్టూ, తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రమూ ఉన్న ఊళ్లో అలాంటి పని చేస్తే ఇంటికి వచ్చేవాళ్లు హ్యాములు మాట్లాడుకున్నాక పంపుకునే క్యూఎస్ఎల్ కార్డు పట్టుకుని రారు.

డీఎంఆర్ సెట్టు నారోనే కదా, పనికొస్తుందా?

డీఎంఆర్ 12.5 కిలోహెర్ట్జ్‌లోనే నడుస్తుంది గానీ అది డిజిటల్. అనలాగ్ రిపీటర్‌కి అది అర్థంకాని గరగర మాత్రమే. అయితే చాలా డీఎంఆర్ సెట్లలో అనలాగ్ మోడ్ కూడా ఉంటుంది, దాంట్లో పెడితే చక్కగా పనిచేస్తుంది. అనలాగ్‌లో 25 కూడా ఇస్తుందో లేదో చూసి కొనండి.

ఫ్రీక్వెన్సీ, ఆఫ్‌సెట్ అన్నీ సరిగ్గా పెట్టాను, రిపీటర్ లేవడం లేదు. ఎందుకు?

పదింట తొమ్మిదిసార్లు టోన్. సీటీసీఎస్ఎస్ టోన్ మాటకింద సన్నగా నడిచే స్వరం. వైడ్‌లో అది 500 నుంచి 750 హెర్ట్జ్ దాకా ఊగిస్తుంది, నారోలో దానిలో సగం. మీ సెట్టు నారోలో ఉండి రిపీటర్ వైడ్‌లో ఉంటే టోన్ బలం చాలక డీకోడర్ ఒకసారి పట్టుకుంటుంది, ఒకసారి వదిలేస్తుంది. మాట మధ్యలో రిపీటర్ పడిపోతుంటే ముందు దీన్ని అనుమానించండి.

రివర్స్ మీట ఉన్న సెట్టయితే ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీ విని చూడొచ్చు. మిత్రుడి సిగ్నల్ నేరుగా శుభ్రంగా వినిపించి, రిపీటర్లో విరుగుతోందంటే తప్పు దూరానిది కాదు, సెట్టింగుది.

కొత్తలో రిసీవ్ టోన్ పెట్టకండి. పంపే టోన్ ఒక్కటే చాలు. రెండూ పెట్టేసి "ఏమీ వినపడటం లేదు" అనేవాళ్లు ఎక్కువ.

నా డీవియేషన్ ఎంతో ఇంట్లోనే కొలవచ్చా?

కొలవచ్చు. ఖరీదైన సర్వీస్ మానిటర్ అక్కర్లేదు, సిగ్నల్‌ని కంప్యూటర్ తెరమీద బొమ్మగా చూపే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ ఒకటీ, ల్యాప్‌టాపూ, ఫోనూ ఉంటే చాలు. నాకు ఈ పేజీలో అన్నిటికన్నా ఇష్టమైన జవాబు ఇదే.

ఎఫ్ఎంకి ఒక చిత్రమైన గుణం ఉంది. డీవియేషన్‌ని స్వరం ఫ్రీక్వెన్సీతో భాగిస్తే 2.405 వచ్చినచోట మధ్యనున్న క్యారియర్ పూర్తిగా మాయమవుతుంది, శక్తంతా పక్క గీతల్లోకి వెళ్లిపోతుంది. దీన్ని బెసెల్ నల్ అంటారు. 2500ని 2.405తో భాగిస్తే దాదాపు 1040. అంటే 1040 హెర్ట్జ్ స్వరం ఇచ్చినప్పుడు మధ్య గీత మొదటిసారి మాయమైన క్షణాన మీ డీవియేషన్ సరిగ్గా 2.5 కిలోహెర్ట్జ్.

చేసే పద్ధతి చెబుతాను. సెట్టుకి యాంటెనా బదులు డమ్మీ లోడ్ (సిగ్నల్‌ని బయటికి పోనీకుండా మింగేసే పరికరం) తగిలించండి, పవర్ తక్కువలో పెట్టండి, టోన్ ఆపేయండి. డాంగిల్‌ని గదిలో దూరంగా ఉంచి గెయిన్ బాగా తగ్గించండి, లేకపోతే అది ఉక్కిరిబిక్కిరై తప్పు బొమ్మ చూపిస్తుంది. ఫోన్లో టోన్ జనరేటర్ యాప్‌తో 1040 హెర్ట్జ్ మోగించి మైకు దగ్గర పెట్టండి. మీట నొక్కి, ఫోన్ వాల్యూమ్ కొద్దికొద్దిగా పెంచండి. తెరమీద మధ్య గీత పొట్టిదవుతూ వస్తుంది. నారో సరిగ్గా పెట్టిన సెట్టయితే ఎంత గట్టిగా మోగించినా ఆ గీత మాయమయ్యేదాకా వచ్చి దాదాపు అక్కడే ఆగిపోతుంది. మాయమై, మళ్లీ పైకి లేచిందంటే సెట్టు 2.5 దాటుతోందని అర్థం. వైడ్‌ని పరీక్షించాలంటే 2080 హెర్ట్జ్ స్వరం వాడండి, అప్పుడు నల్ 5 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది.

దాటుతున్న సెట్టుకి లోపల సర్దుబాటు లేకపోతే మైకుని నోటికి కాస్త ఎడంగా పట్టుకుని మామూలు గొంతుతో మాట్లాడటమే మందు.

అన్ని ఛానళ్లనీ నారోలోనే పెట్టేస్తే పోలా?

పోదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతుంది. అది సెకనుకి ఏడున్నర కిలోమీటర్లకి పైగా వేగంతో పోతుంటుంది కాబట్టి డాప్లర్ వల్ల ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ దాదాపు మూడున్నర కిలోహెర్ట్జ్ జారుతుంది. నారో ఫిల్టర్‌తో వింటే రావడంలోనూ పోవడంలోనూ మాట పగిలిపోతుంది. దానికి వైడ్ ఉంచండి. సింప్లెక్స్‌లో అవతలివాళ్లు ఏది వాడితే అదే.

నారోలో దూరం తగ్గుతుందా? ఐదు వాట్లు చాలతాయా?

బలమైన సిగ్నల్లో నారో కొంచెం గరుకుగా వినిపిస్తుంది. బలహీనమైన సిగ్నల్లో సన్న ఫిల్టర్ రొదని తక్కువ లోపలికి రానిస్తుంది కాబట్టి ఆ నష్టం కొంత తిరిగొస్తుంది. దూరాన్ని తేల్చేది నారో కాదు, ఎత్తు. రిపీటర్ యాంటెనా 100 మీటర్ల ఎత్తునా మీ హ్యాండీ ఒకటిన్నర మీటరు ఎత్తునా ఉంటే రేడియో క్షితిజం లెక్కన 46 కిలోమీటర్లు రావాలి. భీమిలి అందులో సులువుగా పడుతుంది.

కాని మన ఊరు లెక్క వినదు. సింహాచలం కొండల వరుస మధ్యలో అడ్డం కూర్చుంది, అటు పెందుర్తికీ ఇటు మధురవాడకీ ఒకే సిగ్నల్ సమంగా అందడం కష్టం. యారాడ బీచ్‌లో నిలబడితే ఊరికీ మీకూ మధ్య కొండే ఉంటుంది, అక్కడ ఐదు వాట్లయినా యాభై వాట్లయినా పెద్ద తేడా రాదు. మీ ఇంటి నుంచి రిపీటర్ ఉన్న కొండ కనిపిస్తుందా అన్నది చూడండి. కనిపిస్తే ఐదు వాట్లు ఎక్కువే. సముద్రం దగ్గర మేడమీద యాంటెనా కడితే కనెక్టర్లకి నీరు చొరని రబ్బరు టేపు చుట్టండి, ఉప్పుగాలి ఎన్ని వాట్లనైనా తినేస్తుంది.

తుఫాను కోసం ఒక సెట్టు ఉంచుకుందామంటే ఏది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఊళ్లో కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. హ్యాముల సెట్లు అప్పుడు అక్కరకొచ్చాయి. అలాంటి రోజు కోసమైతే కంప్యూటర్ లేకుండా మీటల మీదే ఫ్రీక్వెన్సీ, టోన్, నారో అన్నీ మార్చుకోగలిగే సెట్టు కావాలి. అత్యవసరంగా పెట్టే రిపీటర్ ఏ ఛానల్లో, ఏ వెడల్పులో వస్తుందో ముందే తెలియదు. కమర్షియల్ సెట్టు ఇక్కడే ఓడిపోతుంది. పెన్సిల్ బ్యాటరీలు వేసే అదనపు డబ్బా దొరికే మోడల్ అయితే ఇంకా మంచిది.

లైసెన్సు రాకముందే కొనిపెట్టుకోవచ్చా?

వద్దు. మన దేశంలో ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకోవడానికే అనుమతి కావాలి. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారంటే చట్టబద్ధమని కాదు. వాకీటాకీలని ఇష్టమొచ్చినట్టు అమ్ముతున్నందుకు 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ-కామర్స్ కంపెనీలకి నోటీసులిచ్చింది, అమ్మకాలపై మార్గదర్శకాలూ వచ్చాయి. లైసెన్సు అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ వాకీటాకీలు వేరు, వాటితో హ్యామ్ రిపీటర్ పలకదు. పరీక్షకి టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్లో దరఖాస్తు చేసుకోవాలి. రిస్ట్రిక్టెడ్ గ్రేడు (కింది స్థాయి) లైసెన్సుకి మోర్స్ కోడ్ అక్కర్లేదు.

చిర్ప్‌లో నారో ఎక్కడ పెట్టాలి?

చిర్ప్ అంటే కంప్యూటర్ నుంచి సెట్టుని ప్రోగ్రామ్ చేసే సాఫ్ట్‌వేరు. అందులో "మోడ్" అనే గడిలో. ఎఫ్ఎం అంటే వైడ్, ఎన్ఎఫ్ఎం అంటే నారో. కొత్త వరుసలో మామూలుగా ఎఫ్ఎం అనే వస్తుంది, మీరే మార్చాలి. డూప్లెక్స్ గడిలో మైనస్, ఆఫ్‌సెట్ 0.600, టోన్ మోడ్‌లో "టోన్". రాసే ముందు సెట్టులో ఉన్నదాన్ని ఒకసారి చదివి దాచుకోండి. కేబుల్ కొనేటప్పుడు ఎఫ్‌టీడీఐ చిప్పున్నది అడగండి. చవక కేబుళ్లలో ఉండే నకిలీ ప్రొలిఫిక్ చిప్పులతో విండోస్ డ్రైవర్ పేచీ పెడుతుంది, పాపం చాలామంది సెట్టే పాడైందనుకుంటారు.

సెట్టు సరిగ్గా ఉందో లేదో గాలిలో ఎవరినైనా అడగాలంటే ఏమని అడగాలి?

"నా సిగ్నల్ ఎలా ఉంది?" అని అడిగితే "ఫైవ్ నైన్ ఓఎం, వెరీ గుడ్" అంటారు. సిగ్నల్ బ్రహ్మాండం మిత్రమా అని దానర్థం. మర్యాదకి అలా అంటారంతే. దానివల్ల మీకేమీ తెలియదు. రిపీటర్‌లో ఇప్పుడే మాట్లాడిన ఇంకొకరితో పోల్చి నా ఆడియో గట్టిగా ఉందా, మెల్లగా ఉందా అని అడగండి. తరవాత గొంతు పెంచి పది దాకా లెక్కపెట్టి, ఏ అంకె దగ్గరైనా విరిగిందా అని అడగండి. ఆ తరవాత సెట్టుని వైడ్‌కి మార్చి మళ్లీ లెక్కపెట్టండి, ఏది ఏదో ముందే చెప్పకుండా. రెండింటిలో ఏది బాగుందో అవతలివాళ్లని చెప్పనివ్వండి. పది దాకా లెక్కపెట్టే ముందూ, అయిపోయాకా మీ కాల్‌సైన్ చెప్పడం మరిచిపోకండి.